గుండుసూదులు పోయే దుకాణం

దుప్పటి మడత పెట్టడానికి రెండు చేతులు చాలవు, గడ్డం కూడా కావాలి. జంటమంచం దుప్పటి అంచుని గడ్డం కింద నొక్కిపట్టి, చేతులు బార్లా చాచి, అంచుకి అంచు కలిపి, పొట్టమీదుగా బల్లమీదికి జార్చి ఒక్క చరుపు చరిచిందామె. దుప్పటి పలకలాగా అణిగిపోయింది. బేరానికి వచ్చిన మనిషి దుప్పటి సంగతి మరిచిపోయి ఆ చేతులనే చూస్తూ నిలబడ్డాడు.

"ఇంకోటి చూపించమంటారా?" అని అడిగింది.

చూపించమన్నాడు. అదీ నచ్చలేదు. ఇంట్లో అడిగి వస్తానని మెట్లు దిగిపోయాడు. దుప్పట్లు కొనడానికి వచ్చేవాళ్ళలో సగంమంది దుప్పట్లు విప్పించడానికే వస్తారని ఆమెకి ఎప్పుడో తెలుసు కాబట్టి, కోపం తెచ్చుకోకుండా మళ్ళీ గడ్డం ఆనించింది.

దుకాణంలో ఆమెకి నిలువుటద్దం అని పేరు. మనిషి పొడగరి, సన్నం, ఎప్పుడు చూసినా నిటారుగా ఉంటుంది. ఎప్పుడో కొత్తగా చేరిన పిల్ల ఒకతె మొదటిరోజునే పెట్టిన పేరది. పెట్టిన పిల్ల నెల తిరక్కుండా కాళ్ళనొప్పులని మానేసింది, పేరు మాత్రం ఉండిపోయింది. ఎదురుగా అయితే అందరూ అక్కా అనే పిలుస్తారు. తల్లి వయసున్న మనిషిని కూడా దుకాణాల్లో అక్కా అనే అంటారు, అదో మర్యాద.

ముప్పై పైచిలుకు ఏళ్ళుగా అదే మేడమీద, అదే బల్ల వెనక, దుప్పట్లకీ దిండు గలీబులకీ మధ్య ఆమె నిలబడి ఉంది. కుడిపక్కన తెరల బల్ల, ఎడమపక్కన తువ్వాళ్ళ బల్ల, వెనక గోడవారగా తివాచీల చుట్టలు. నిలబడటంలో ఆమెకి తెలియని కిటుకు లేదు. బరువు కుడికాలిమీద ఎంతసేపు ఉంచాలో, ఎదుటివాళ్ళకి తెలియకుండా ఎడమకాలికి ఎప్పుడు మార్చాలో ఆ కాళ్ళే చూసుకుంటాయి. ఎడమ బూటుకి, బొటనవేలి ఎముక పొడుచుకొచ్చినచోట, కత్తెరతో చిన్న కిటికీ కోసుకుంది. ఆ కిటికీలోంచి వేలు రోజంతా లోకాన్ని చూస్తూ ఉంటుంది.

ఆ దుకాణం యజమానిని అందరూ పెద్దాయన అంటారు. నిజానికి ఆయన ఆమెకంటే చిన్నవాడు. తండ్రి పోయాక గల్లాపెట్టెతో పాటు ఆ పేరు కూడా ఆయనకి సంక్రమించింది. చెడ్డవాడు కాదు. జ్వరం వస్తే సెలవిస్తాడు, పెళ్ళిళ్ళకి పిలిస్తే వస్తాడు. మెట్లెక్కి రాగానే ఎదురుగా, మెత్తటి దిండు వేసిన కుర్చీలో కూర్చుని, మేడంతా కనిపెట్టుకుని చూస్తూ ఉంటాడు. కాస్త పెద్ద బేరం వచ్చిందంటే ఆమెని చూపించి, "ఈవిడ కూర్చోగా నేను ఇంతవరకూ చూడలేదండీ!" అంటాడు. అనగానే ఆమె మెడ ఇంకో అంగుళం సాగుతుంది. జీతం పెంచమని అడగాలని ఇంటిదగ్గర మాటలు కూడబలుక్కుని వచ్చిన రోజున ఆయన ఆ మాట అంటే, అడక్కుండానే తిరిగి వెళ్ళిపోయిన సందర్భాలున్నాయి. పొగడ్తకి అంత తేలిగ్గా పడిపోతుంది పాపం.

ఆయన మాట అబద్ధం కాదు. ఆమె కూర్చోగా ఆయన చూడలేదు. అంతమాత్రాన ఆమె కూర్చోలేదని కాదు.

ఆ రహస్యం ఆమె కూతురంత పాతది. ఆ పిల్ల కడుపులో ఉన్న రోజుల్లో ఒక మధ్యాహ్నం, తెల్లటి తలకాయ ఉన్న గుండుసూది ఒకటి ఆమె చేతిలోంచి జారిపడింది. మడతలు చెదరకుండా దుప్పట్లకి గుచ్చే సూదులవి. వెతుకుదామని బల్ల వెనక గొంతుక్కూర్చుంది. సూది వెంటనే దొరికింది. దొరికాక తల ఎత్తి చూస్తే నాలుగు పక్కలా చెక్క తప్ప ఇంకేమీ కనిపించలేదు. అంటే, ఆమె కూడా ఎవరికీ కనిపించదన్నమాట. సూదిని పిడికిట్లో పెట్టుకుని, వీపు అరకి ఆనించి, కాళ్ళు చాపుకుని, "ఎక్కడ పడిందో ఏమో!" అని పైకి వినపడేలా అంటూ హాయిగా కళ్ళు మూసుకుంది. ఆ హాయి ఈనాటికీ ఆమెకి గుర్తుంది.

మర్నాడు ఇంకో సూది పడింది. తరవాత తెరల బల్ల ఆవిడకి నేర్పింది. ఆవిడ ఇంకొకరికి నేర్పింది. ఏళ్ళు గడిచేసరికి ఆ మేడమీద అదొక ఆచారమైపోయింది. "అక్కా, కాస్త చూస్తూ ఉండండి, సూది పడింది" అంటే చాలు, పక్కవాళ్ళు ఆ బల్ల బేరం కూడా చూసుకునేవాళ్ళు. పెద్దాయనకి మాత్రం ఈ లోకంలో ఇన్ని సూదులు పోయే దుకాణం ఇంకోటి ఉండదని బెంగ పట్టుకుంది. సూదులమ్మే కంపెనీ మార్చాడు. ఊడ్చే ఆవిడమీద అనుమానపడి, చీపురు దులిపించి మరీ చూశాడు. ఆఖరికి గుప్పెడంత అయస్కాంతం కొని, తాడు కట్టి, రోజూ దుకాణం మూసేవేళ కుక్కపిల్లని తిప్పినట్టు బల్లల మధ్య తిప్పేవాడు. దానికి ఎన్నడూ ఒక్క సూదీ అంటుకోలేదు. పోనివి ఎలా దొరుకుతాయి?

ఇలా ఉండగా చట్టం వచ్చింది.

రాజధానిలో దుకాణాల్లో పనిచేసే ఆడవాళ్ళు ఎన్నో నెలలు రోడ్డుమీద కూర్చుని మరీ సాధించారట, పనిలో కూర్చునే హక్కుని. మనిషిని రోజంతా నిలబెట్టి పని చేయించడం ఆ మనిషి గౌరవానికి భంగమనీ, ఆడైనా మగైనా పని లేనప్పుడు కూర్చోవచ్చుననీ, యజమాని ఆసనం ఏర్పాటు చేసి తీరాలనీ అందులో ఉంది. పెద్దాయన నొచ్చుకున్నాడు. "మనం కూర్చుంటే బేరం నిలబడుతుందా?" అని అందరినీ పేరుపేరునా అడిగాడు. తప్పదు కనక బల్లకొకటి చొప్పున ఎత్తు స్టూళ్ళు కొన్నాడుగానీ, వాటికి చుట్టిన ప్లాస్టిక్ కాగితం విప్పనివ్వలేదు. కాగితం చెక్కుచెదరకుండా ఉంటే అమ్మినవాడు వెనక్కి తీసుకుంటానన్నాడట. పైగా ఆ రోజునుంచీ తన కుర్చీ గోడకి జరిపేసి, తను కూడా నిలబడటం మొదలుపెట్టాడు. ఎవరు ముందు కూలబడతారో తేల్చుకుందామన్నట్టు అందరివంకా చూసేవాడు. సాయంత్రానికి ఆయన మొహం చూస్తే జాలేసేది.

ఆ చట్టంలోనే ఒక కిటికీ ఉంది. పనివాళ్ళు తమంతట తామే కూర్చోవడానికి ఇష్టపడనిచోట యజమాని మినహాయింపు అడగవచ్చు. ఆయన అడిగాడు. నిజమో కాదో చూడటానికి కిందటివారం ఇనస్పెక్టరమ్మ వచ్చింది. మెట్లమీద ఆవిడ తల కనిపించగానే, పెద్దాయన ఆవిడకి ఎదురెళ్ళిన అదనులో స్టూళ్ళమీద కూర్చున్న మేడంతా మర్యాదగా లేచి నిలబడింది. అందరికంటే ముందు లేచింది నిలువుటద్దం. పెద్దవాళ్ళు వస్తే లేవకపోతే ఎలా? కూర్చుంటారో లేదో చూడటానికి వచ్చిన మనిషికి గౌరవంగా లేచి నిలబడి, వెళ్ళేదాకా నిలబడే ఉన్నారు. ఆవిడ వెళ్ళాక ఎవరికో వెలిగింది చేసిన పని ఏమిటో. పెద్దాయన ఆనందం పట్టలేక అందరికీ టీ ఇప్పించాడు.

ఇవాళ ఆవిడ మళ్ళీ వస్తుంది. ఈసారి కూడా అందరూ నిలబడి కనిపిస్తే స్టూళ్ళు వచ్చిన దారినే వెళ్ళిపోతాయి. ఇవాళే నిలువుటద్దానికి ఆఖరి రోజు కూడా. మోకాళ్ళలో గుజ్జు అరిగిపోయిందనీ, ఇక నిలబడితే ఏకంగా మంచమేననీ డాక్టరు చెప్పేశాడు. అంచేత స్టూలు ఉన్నా పోయినా ఆమెకి ఒరిగేదేమీ లేదు. ఆమె ఆరాటమంతా తువ్వాళ్ళ బల్ల పిల్ల గురించి. ఆ పిల్లకి ఏడో నెల, పైగా కవలలు. సూది వెతకడానికి వంగే వీలు లేదు. మొన్నొకరోజు అలవాటు చొప్పున కిందికి దిగితే, ఇద్దరు చెరో రెక్కా పట్టుకుని పైకి లాగాల్సి వచ్చింది. స్టూలు పోతే పని మానుకోవడమే ఆ పిల్లకి మిగిలిన దారి.

"అక్కా, మీరు లేవకుండా ఉంటే చాలు. మిగతావాళ్ళందరూ మిమ్మల్ని చూసే లేస్తారు" అంది ఆ పిల్ల పొద్దున్నే.

"లేవనులేవే. ఇవాళ ఎవరొచ్చినా లేవను."

అనడమైతే అంది. పెద్దాయన కిందికి దిగిన అదను చూసి, అభ్యాసం చేద్దామని స్టూలుమీద కూర్చుంది. ప్లాస్టిక్ కీచుమంది. ఒక ఆసామి మెట్లెక్కి వచ్చాడు, ఆమె లేచింది. మళ్ళీ కూర్చుంది. తపాలా మనిషి వచ్చాడు, లేచింది. వీధిలోంచి పిల్లి వచ్చింది. పిల్లికి కూడా సగం లేచి, సిగ్గుపడి కూలబడింది. తెరల బల్ల ఆవిడ తెరలో మొహం దాచుకుని నవ్వింది.

"ఎందుకమ్మా మీకీ గొడవ? ఇన్నాళ్ళూ బాగానే జరిగిపోయిందిగా" అన్నాడు తివాచీల ఆయన ఆవులిస్తూ. ఆయనకి జరగకేం? భోజనం కాగానే విప్పిన తివాచీలోకి దూరి చుట్ట చుట్టుకుని పడుకుంటాడు. ఏ చట్టమూ ఇవ్వని హక్కు ఆయన ఎప్పుడో తీసుకున్నాడు.

మధ్యాహ్నం డబ్బా విప్పుకుని తింటూ ఆమె మొగుణ్ణి తలుచుకుంది. ఆయన బస్సు డ్రైవరుగా చేసి దిగిపోయాడు. జీవితమంతా కూర్చుని పనిచేసిన మనిషి. సాయంత్రం ఈమె ఇంటికి వచ్చి కాళ్ళు చాపుకుందామనుకునే వేళకి, ఆయన చెప్పులేసుకుని "అలా నడిచొద్దాం పదవే" అనేవాడు. ఆమె కూర్చోమనేది, ఆయన లెమ్మనేవాడు. అలా ఒకరినొకరు బతిమాలుకుంటూనే ఇన్నేళ్ళు గడిచిపోయాయి. ఇద్దరూ కలిసి సరదాగా షికారుకి వెళ్ళిందీ లేదు, కలిసి అరుగుమీద కూర్చుందీ లేదు. రేపటినుంచైనా ఏదో ఒక రాజీకి రావాలి. ఆ తలపుకే ఆమెకి కొత్తపెళ్ళికూతురిలా సిగ్గేసింది. కూతురు టెలిఫోన్ల ఆఫీసులో పనిచేస్తుంది. కూర్చుని కూర్చుని నడుం పోయిందని ఫోను చేసినప్పుడల్లా గోల. ఈ కుటుంబంలో ఎవరికీ కావలసింది దొరకలేదు.

తిరిగి బల్లదగ్గరికి వచ్చేసరికి తువ్వాళ్ళ బల్ల పిల్ల గుప్పెట్లో గుండుసూదులతో సిద్ధంగా ఉంది.

"కూర్చోండక్కా, పెద్దాయన కింద గుమ్మందగ్గర ఉన్నారు. మీ కోటుని స్టూలుకి గుచ్చేస్తాను. లేద్దామన్నా లేవలేరు."

"ఓసి నీ తెలివి తగలెయ్యా!" అందిగానీ, కూర్చుంది. ఆ పిల్ల చుట్టూ తిరిగి, దుకాణంలో అందరికీ ఇచ్చే నీలం కోటు అంచుని ప్లాస్టిక్ కాగితానికి వరసగా గుచ్చేసింది. ఆమె రెండు చేతులూ ఒళ్ళో పెట్టుకుని, ఫోటో తీయించుకునే మనిషిలా కదలకుండా కూర్చుంది. ఈ ఒక్కపూట కూర్చుంటే, పెద్దాయన నోటినుంచి ఇక ఆ మాట రాదు. ఇన్నేళ్ళ కాళ్ళనొప్పికీ ఆమె మూటకట్టుకున్నది ఆ ఒక్క మాటే. ఆఖరి రోజున దాన్ని పోగొట్టుకోవడం ఆమెకి నిజంగా కష్టంగా ఉంది.

మెట్లమీద చెప్పుల చప్పుడైంది. వెనకే పెద్దాయన గొంతు ఖంగుమంది. "రండమ్మా, రండి రండి!"

ముప్పై ఏళ్ళుగా ఆ 'రండి' వినగానే లేచే మోకాళ్ళవి. లేచాయి. చర్రుమని చప్పుడైంది. ప్లాస్టిక్ ఈ కొసనుంచి ఆ కొసకి చిరిగి ఆమె కోటుకి తోకలా వేలాడింది, స్టూలు దభీమని పక్కకి పడింది, సూదులు నేలమీద చిందాయి. ఆమె లేవగానే తెరల ఆవిడ లేచింది. తువ్వాళ్ళ పిల్ల కూడా బల్ల పట్టుకుని లేవబోయి మధ్యలో ఆగిపోయింది.

"చూశారుగా అమ్మా! మావాళ్ళకి కూర్చోమన్నా రాదు" అన్నాడు పెద్దాయన. చిరిగిన కాగితం వంక చూసినప్పుడు మాత్రం ఆయన గొంతు కాస్త వణికింది.

ఇనస్పెక్టరమ్మ చిన్నవయసు మనిషి. కుంటుతూ వచ్చి బల్లముందు ఆగింది. "మీరెందుకు లేచారు?" అని అడిగింది.

"మీరు వచ్చారు కదండీ."

"నేను వచ్చింది మీరు కూర్చుంటారో లేదో చూడటానికి."

"తెలుసండీ."

"మరి?"

ఆమె కోటు గుండీలు సర్దుకుంది.

"పోనీ, మీకు కూర్చోవడం ఇష్టం లేదని రాసుకోమంటారా?"

ఆమె పెద్దాయన వంక చూసింది. ఆయన మొహంలో ఆ పాత పొగడ్త కనిపించింది, పెదవుల చివరే ఉంది. తువ్వాళ్ళ పిల్ల వంక చూసింది. ఆ పిల్ల పాదాలు బూట్లలో పట్టక పైకి పొంగుకొచ్చి ఉన్నాయి. అలాంటి పాదాలు ఆమెకి తెలుసు. ఒకప్పుడు అవి తనవే.

"ఉండండమ్మా, కూర్చుని చెప్తాను" అంది.

వంగలేక వంగి స్టూలు లేవనెత్తి, తోకని పక్కకి సర్దుకుని కూర్చుంది. పెద్దాయన ఎదట కూర్చుని మాట్లాడటం ఆమెకి అదే మొదలు.

"అలవాటు వేరు, ఇష్టం వేరండీ. నా కాళ్ళు నా మాట వినవు, పెద్దాయన మాటే వింటాయి. ఇన్నేళ్ళూ వాటికి జీతమిచ్చింది ఆయన కదా. వాటిని చూసి రాసుకోకండి. నన్నడిగి రాసుకోండి. నాకు కూర్చోవాలనే ఉంది. మొదటిరోజునుంచీ ఉంది."

"మీరు ఇన్నేళ్ళలో ఒక్కసారీ కూర్చోలేదని ఈయన అర్జీలో రాశారే?"

తెరల ఆవిడ వద్దన్నట్టు కళ్ళతో సైగ చేసింది.

"కూర్చున్నానండీ. సూది పడ్డప్పుడల్లా కూర్చున్నాను" అంది ఆమె. ఇక దాచి ఏం లాభమని మొత్తం చెప్పేసింది. తను, తెరల ఆవిడ, తువ్వాళ్ళ పిల్ల, వెళ్ళిపోయినవాళ్ళు, అందరూ.

పెద్దాయన నేలమీద చిందిన సూదుల వంక చూశాడు. "అయితే సూదులు పోలేదా?"

"ఒక్కటీ పోలేదండీ."

"ఒక్కటీ?"

"మీమీద ఒట్టు."

ఆయన కళ్ళముందు మార్చిన కంపెనీలూ, దులిపించిన చీపురూ, తాడు కట్టి తిప్పిన అయస్కాంతమూ కదిలినట్టున్నాయి. తనకి తెలియకుండానే వెనక్కి నడిచి, గోడవారనున్న తన కుర్చీలో కూలబడ్డాడు. పంతం పట్టిన ఇన్నాళ్ళకి అదే కూర్చోవడం.

"మీరూ కూర్చున్నారు. మంచిది" అంది ఇనస్పెక్టరమ్మ. తెరల ఆవిడ కిసుక్కుమంది. తువ్వాళ్ళ పిల్ల స్టూలుమీద కుదురుగా కూర్చుంది. తెరల ఆవిడా కూర్చుంది. ఎవరూ లేవలేదు. తివాచీల వైపునుంచి సన్నగా గురక వినిపించింది. ఒక చుట్ట చివర రెండు పాదాలు బయటికి ఉన్నాయి.

"ఆయనో?"

"ఆయనకి చట్టం అక్కర్లేదండీ" అంది నిలువుటద్దం.

ఇనస్పెక్టరమ్మ నవ్వు ఆపుకుని, "అర్జీ చెల్లదండీ. స్టూళ్ళు ఉండాలి" అంది పెద్దాయనతో. తరవాత మొహమాటంగా అటూ ఇటూ చూసింది. "నేను కూడా ఒక్క నిమిషం కూర్చోవచ్చా? పొద్దుటినుంచి ఏ దుకాణానికి వెళ్ళినా అందరూ లేచి నిలబడుతున్నారేగానీ, నన్ను కూర్చోమన్నవాళ్ళు లేరు."

తెరల ఆవిడ తన స్టూలు ఇచ్చింది. ఆవిడ చెప్పులు విప్పి, కాలివేళ్ళు కదిలించుకుంటూ, వెళ్ళడానికి తొందరేమీ లేనట్టు చాలాసేపు కూర్చుంది.

దుకాణం మూసేవేళకి చిందిన సూదులన్నీ ఏరి పెట్టెలో వేశారు. ఒకటి తగ్గింది. బల్లకింద ఎక్కడో ఉండాలి. ఆమె వంగబోయింది, మోకాళ్ళు ఒప్పుకోలేదు. ఆఖరిరోజున, నిజంగా సూది పోయిన రోజున, వెతకలేకపోయినందుకు ఆమెకి నవ్వూ ఏడుపూ ఒకేసారి వచ్చాయి.

"వదిలెయ్యండక్కా" అంది తువ్వాళ్ళ పిల్ల. అని, ఉన్నట్టుండి ఆమె నడుం చుట్టూ చేతులు వేసి పట్టుకుంది. పొట్ట అడ్డమొచ్చి సరిగ్గా అందలేదు. అలాగే కాసేపు పట్టుకుని, కళ్ళు తుడుచుకుంటూ మెట్లు దిగి వెళ్ళిపోయింది.

నిలువుటద్దం తన నీలం కోటు విప్పి, దాని అంచుని కూడా గడ్డం కింద నొక్కిపట్టి మడత పెట్టి, స్టూలుమీద ఉంచింది. వెనక్కి తిరిగితే పెద్దాయన నిలబడి ఉన్నాడు.

"అయస్కాంతం కొన్నప్పుడైనా చెప్పాల్సింది" అన్నాడు.

"చెప్తే కూర్చోనిచ్చేవారా అండీ?"

ఆయన ఆలోచించాడు. గోడవారనున్న తన కుర్చీని స్వయంగా లాక్కొచ్చి, దిండు సర్ది, "కూర్చోండి" అన్నాడు. తొలిసారి అన్న మాట కావడంతో తడబడ్డాడు.

ఆమె కుర్చీ వీపుమీద చెయ్యి వేసి ఒక్కసారి నిమిరింది. "వద్దండీ, బస్సు పోతుంది. మా ఆయన స్టాపు దగ్గర నిలబడి ఉంటాడు. కూర్చోమంటే వినే మనిషి కాదు. వెళ్ళొస్తానండీ."

కమ్మీ పట్టుకుని, ఒక్కో మెట్టుమీదా రెండు పాదాలూ ఆనించుకుంటూ దిగింది. వీధి తలుపు మూసుకున్న చప్పుడు వినిపించేదాకా పెద్దాయన మెట్ల పైకొసనే ఉన్నాడు. తరవాత దీపాలు ఆర్పబోయి, ఏం తోచిందో, గూట్లోంచి అయస్కాంతం తీసి, తాడు పట్టుకుని ఎప్పటిలాగే బల్లల మధ్య తిప్పాడు. దుప్పట్ల బల్ల వెనక టిక్కుమని చిన్న చప్పుడైంది. ఆయన తాడు పైకి లాగి చూశాడు. అయస్కాంతం అంచుకి తెల్లటి తలకాయతో, నడుం కొంచెం వంగిన గుండుసూది ఒకటి అంటుకుని ఉంది.